నేను కోసేసిన ఊపిరి

రికార్డింగ్ పని నేర్చుకోవాలని ఇప్పటికీ పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. కూర్చోగానే ఏ మైకు కొనాలన్నా, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్నా అని అడుగుతారు. ఎమ్మిగనూరులో తాతలకూ మనవళ్ళకూ అందరికీ నేను మౌలాలన్ననే, అందుకని ఈ పిల్లలకూ అన్ననే. మైకుల సంగతి నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. ఫోను తీసి నాకే పాఠం చెబుతారు. కాబట్టి నేను మైకుల జోలికి పోను. నలభై ఏళ్ళు ఈ పని చేసి, స్టూడియో మూసే ముందు దాకా తెలుసుకోలేకపోయిన ఒక సంగతి చెబుతాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంటుంది. అది తెలిసే లోపల ఒక ఆడపిల్లను పనికిరానిదని తేల్చేశాను.

మా స్టూడియోలో అన్నీ జరిగేవి. భజనలు, తత్వాలు, ఉరుసు ఖవ్వాలీలు, చర్చి పాటలు, బడి వార్షికోత్సవాల ట్రాకులు, ఆటోకు మైకు కట్టుకుని తిరిగే బట్టల కొట్ల ప్రకటనలు. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీకి పాడిన గొంతే సాయంత్రం ఇంకో పార్టీకి పాడేది. రాగం కూడా మార్చేవాళ్ళం కాదు, పేరు మార్చేవాళ్ళం. వెనక వీధిలో మగ్గాలు ఆడుతుంటాయి కాబట్టి ఆదోని జిన్నింగ్ మిల్లుల నుంచి పనికిరాని దూది తెచ్చి, పరుపులు కుట్టించి, గోడలన్నిటికీ కొట్టించాను. లోపలికొచ్చి తలుపేసుకుంటే ఎవరి గుండె చప్పుడు వాళ్ళకు వినబడేది. ఆ గది అంటే నాకు చాలా గర్వంగా ఉండేది.

బ్లేడు

నాకు పని నేర్పినవాడు వెంకోబారావు. ఆదోనిలో ఆయనకు మైకుసెట్ల దుకాణం ఉండేది. నేను చేరిన మొదటి రోజు స్పూల్ టేపు తిప్పి, ‘ఏమన్నా మాట్లాడరా’ అన్నాడు. ఏమీ తోచక, ‘మా అమ్మ ఈరోజు జొన్నరొట్టె చేసింది’ అన్నాను. ఆయన వెనక్కి తిప్పి వినిపించాడు. నా గొంతు గోడ దగ్గర్నుంచి వచ్చి నాకే రొట్టె సంగతి చెప్పింది.  పోయిన మాట వెనక్కి వచ్చిందే అని ఆ రోజంతా అన్నం సరిగా తినలేదు. ఈ పనిలో అంత పెద్ద ఆశ్చర్యం మళ్ళీ కలగడానికి నలభై ఏళ్ళు పట్టింది.

వెంకోబారావు చెవి మామూలు చెవి కాదు. ఓసారి ఉగాది తర్వాత జనం ఒకరి మీద ఒకరు పిడకలు విసురుకునే కైరుప్పల పండగ చప్పుడు రికార్డు చేయడానికి తీసుకుపోయాడు. గోల మధ్యలో ఎవరో విసిరిన పిడక సూటిగా వచ్చి నా చేతిలో మైకుకే తగిలింది. నన్ను చంపేస్తాడనుకున్నాను. హెడ్‌ఫోన్స్ తీయకుండానే, ‘మైకు పోతే పోయిందిలేరా, ఆ దెబ్బ మాత్రం భలే పడింది’ అన్నాడు. ఆ చప్పుడును చాలా ఏళ్ళు దాచుకున్నాడు కూడా.

అలాంటి మనిషికి ఒక్కటే గిట్టేది కాదు, పాడేవాళ్ళ ఊపిరి. చరణానికీ చరణానికీ మధ్య గాయకుడు గాలి పీల్చుకున్న చప్పుడు టేపులో వినబడితే ముఖం చిట్లించేవాడు.

‘ఒరే మౌలాలీ, ఇనేటోడికి పాట గావాల గాని, పాడేటోడి అవస్థ ఎందుకురా? తీసెయ్.’

తీసేయడమంటే బ్లేడుతో టేపును కోయడమే. ఒక ఊపిరి బెత్తెడు టేపు ఉండేది. దాన్ని కోసి, పాట నడక చెడిపోకుండా అంతే పొడవు ఖాళీ టేపు అతికించాలి. ఏడాదిలో నాకు కళ్ళు మూసుకుని చేసేంత చేయి తిరిగింది. సాయంత్రం దుకాణం ఊడ్చేటప్పుడు ఆ బెత్తెడు ముక్కలన్నీ పోగుచేసి చెత్తలో వేసేవాణ్ణి. కంప్యూటర్లు వచ్చాక బ్లేడు పోయింది గాని అలవాటు పోలేదు. వేలి కొసతో ఒక్క నొక్కు నొక్కితే ఊపిరి మాయం. వెంకోబారావు గొప్ప గురువు, నేను ఈరోజు తింటున్న అన్నం ఆయన పెట్టిందే. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన తప్పు చెప్పాడు, నేను దాన్ని వేదంలా పట్టుకున్నాను.

ఆలూరు మనిషి

సొంతంగా స్టూడియో పెట్టుకున్న కొన్నేళ్ళకు ఆలూరు నుంచి ఒకాయన వచ్చాడు. వేరుశనగ రైతు, నా వయసువాడే. వాళ్ళ నాన్న తత్వాలు పాడేవాడు. ఆయన పాటలు క్యాసెట్ చేసింది నేనే. ముసలాయన పోయి అప్పటికి ఏడాది దాటింది. కొడుకు ఆ క్యాసెట్‌ను రుమాలులో చుట్టుకుని వచ్చాడు.

‘అన్నా, దీని అసలుది నీ కాడ ఉంటే ఒగసారి ఇనిపిస్తావా?’

‘ఇదే అసలుదప్పా. ఏం, అరిగిపోయినాదా?’

‘అరగల్యా. బాగానే ఉంది. గొంతు మా నాయన్దే. పాట మా నాయన్దే. కానీ మా నాయన ఇందులో ల్యాడన్నా.’

ఏం తక్కువైందని అడిగితే చెప్పలేకపోయాడు. ‘ఏమో తక్కువుంది. యాడుందో తెల్డంల్యా’ అని క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పాడు. తండ్రి మీద బెంగ, మెల్లగా అదే తగ్గిపోతుందనుకున్నాను. టీ తాగించి, అంత శుభ్రంగా చేసిన క్యాసెట్ ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదని నేనే గొప్పలు చెప్పి బస్సెక్కించాను. ఆయన పేరు కూడా అడగలేదు.

ఏడున్నర

స్టూడియో మూసేద్దామని నేను అనుకుంటున్న రోజుల్లో ఒక బ్యాండు వచ్చింది. గిటారు వాయించే కిశోర్ ఆదోనిలో పత్తి వ్యాపారుల ఇంటి పిల్లవాడు. కీబోర్డు వాయించే సునీల్ ఎమ్మిగనూరులోనే ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాడు. బేస్ గిటారు అతను నోరు విప్పగా నేను చూడలేదు. డ్రమ్స్ వాయించేది రూతు. కోసిగి దగ్గర పల్లె, డిగ్రీ చదివింది, ఇంటిల్లిపాదితో పాటు కూలికి పోతుంది. డ్రమ్స్ వాళ్ళ ఊరి చర్చిలో నేర్చుకుంది.

బ్యాండు పేరు ‘ఏడున్నర’ అన్నారు.

‘ఏడున్నర అంటే శని గదప్పా! పోయి పోయి ఆ పేరు పెట్టుకున్నారేంది?’ అన్నాను.

‘మా నాయనా అదే అన్నాడన్నా. కాకపోతే నాకు ఏడున్నరేండ్లతో పోయేది కాదంట’ అని కిశోర్ నవ్వాడు.

వాళ్ళది ప్రోగ్రెసివ్ రాక్ అని చెప్పారు. నాకు తెలిసిన రాక్ అంటే పెళ్ళి ఊరేగింపులో చెవులు చిల్లులు పడే చప్పుడు. వీళ్ళది అది కాదు. పాట ఒక తాళంలో మొదలై ఇంకో తాళంలోకి జారుతుంది. పల్లవి ఒకసారి వచ్చి, మళ్ళీ వస్తుందని మనం కాచుకుని కూర్చుంటే రాదు. పది నిమిషాల తర్వాత ఇంకో వేషంలో వస్తుంది. ఇది వాళ్ళ మొదటి ఆల్బం. డ్రమ్స్ లేని మూడు చిన్న పాటలు, ఒక పెద్ద పాట. ఆ పెద్ద పాట ఇరవై ఒక్క నిమిషాలు. ‘కోసి నాలుగు చేద్దాం, జనం వింటారు’ అన్నాను నా అలవాటు కొద్దీ. సునీల్ నా వైపు చూసి, ‘ముందు ఇను అన్నా’ అని ఫోనులో రిహార్సల్ పెట్టాడు.

ఆ పెద్ద పాట రూతు వాళ్ళ అవ్వ మార్తమ్మది. ఆమె ఊరి చర్చిలో పాట ఎత్తుతుంది. అందరికంటే ముందు ఆమె అందుకుంటుంది, మిగతావాళ్ళు వెనక కలుస్తారు. వాళ్ళ ఊరివాళ్ళు పనులు లేని నెలల్లో లారీలెక్కి దూరం చేలకు పోతారు. పోయి వచ్చిన ప్రతి ఏడూ మార్తమ్మ ఆ పాటకు ఒక చరణం కలుపుతుంది. చరణంలో పోయిన చోటు పేరుంటుంది, అక్కడ పడ్డ కష్టముంటుంది, చివర దేవుడికి ఒక ప్రశ్న ఉంటుంది.

*రాయచూరు వరిమళ్ళల్లో కాళ్ళు పాసిపాయె దేవా, నీ కాళ్ళు ఎట్లుండాయి?*

దేవుడి కాళ్ళు ఎలా ఉన్నాయని అడిగిన మనిషిని నేను అంతకుముందు వినలేదు. కింద గిటారు మొరుగుతోంది, కీబోర్డు వాన కురిసినట్టు కురుస్తోంది, రూతు డ్రమ్స్ మీద ఏడు దెబ్బలు వేసి ఎనిమిదోది సగంలో మింగేస్తోంది. మార్తమ్మ పాట నడకే అది, అందుకే బ్యాండుకు ఆ పేరు. ఫోనులో వింటేనే నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. స్టూడియో మూసేముందు ఇది చేసి పోతానని ఆ క్షణమే అనుకున్నాను.

నా పద్ధతి

వాళ్ళు అందరం ఒక గదిలో కూర్చుని వాయిస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒకరి తప్పు ఇంకొకరికి అంటకూడదు, ఒక్కొక్కరినీ విడివిడిగా తీస్తాను అన్నాను. అది నా పద్ధతి. మొదటి రోజు మార్తమ్మ వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెడితే ‘చెవులు మూస్తే ఎట్ల పాడేదప్పా’ అని తీసేసింది. తాళం లేకుండా, తోడు లేకుండా, కళ్ళు మూసుకుని ఆ పాటంతా ఒక్క బిగిన పాడి, మంచినీళ్ళు తాగి, రూతుతో కలిసి కోసిగి బస్సెక్కి పోయింది.

సాయంత్రం కూర్చుని నేను ఆ పాటను శుభ్రం చేశాను. ముసలామె గదా, ఊపిరి చప్పుడు ఎక్కువ. ఒక్కటి వదలకుండా తీసేశాను. మధ్యలో ఒక దగ్గు, అదీ తీసేశాను. పాట అయిపోయాక కూడా గట్టిగా ఒక ఊపిరి పీల్చింది. ఇదెందుకు అనవసరంగా అని దాన్నీ కోసేశాను. దాని మీదే సేవ్ చేశాను. పాతది దాచుకునే అలవాటు నాకు ఏనాడూ లేదు.

మర్నాటి నుంచి రూతు వంతు. దూది పరుపుల గదిలో ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్‌లో అవ్వ పాట వదిలాను. మొదటి చరణం బాగానే వాయించింది. రెండో చరణానికి అవ్వ ముందు, రూతు వెనక. మూడో చరణానికి రూతు ముందు, అవ్వ వెనక. ఆపి మళ్ళీ మొదలు. రిహార్సల్‌లో రాయిలా నిలబడిన తాళం ఇక్కడ కుంటుతోంది. మూడు రోజులు అదే వరస. ఆ పిల్ల చేతులు బొబ్బలెక్కాయి. ‘ఏమవుతాందో నాకే తెల్డంల్యా అన్నా’ అనేది. నాకు మాత్రం తెలుసనుకున్నాను. చర్చిలో ఏదోలా నడిచిపోతుంది, స్టూడియోలో అసలు రంగు బయటపడుతుంది. నలభై ఏళ్ళలో అలాంటివాళ్ళను ఎంతమందిని చూడలేదు!

మూడో రోజు మధ్యాహ్నం కిశోర్‌ను పక్కకు పిలిచి చెప్పాను. ‘ఆ పిల్లకు తాళం నిలబడ్డంల్యాదప్పా. ఇంకో నెల కూచున్నా అంతే. డ్రమ్స్ మిషన్‌లో పెట్టుకుందాం. ఎవురికీ తెల్దు.’

కిశోర్ రెండు గదుల మధ్యనున్న అద్దం వైపు చూస్తున్నాడు. నేనూ చూశాను. లోపలి గదితో మాట్లాడే బటన్‌ను నేను నొక్కి వదలడం మరిచిపోయాను. నా మాటలన్నీ రూతు చెవుల్లోనే పడ్డాయి.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి కొక్కేనికి తగిలించింది. కర్రలు రెండూ కుర్చీ మీద పక్కపక్కన పెట్టింది. బయటికి వచ్చి నా ముందు నిలబడింది. ఏడవలేదు.

‘నాకు రాదంటే రాదనుకో అన్నా. కానీ ఒగ మాట. గొంతు మా అవ్వదే. పాట అవ్వదే. అవ్వ మాత్రం ఇందులో ల్యాదు. నేను ఎవురికి వాయించాల?’

చెప్పులేసుకుంది. ‘ఎల్లుండి లారీ వస్తాది. మిరపకాయల పనికి పోతాండాము. మీకు కావల్సినట్ల చేసుకోండి’ అని సునీల్‌తో చెప్పి వెళ్ళిపోయింది.

 ఆలూరు మనిషి చేతిలో రుమాలు కళ్ళముందుకు వచ్చింది. ఆయనా ఇదే మాట అన్నాడు, ఇంచుమించు ఇదే వరసలో. మార్తమ్మ పాటను తెర మీద తెరిచి చూశాను. పాట ఉన్నచోట కొండలూ గుట్టలూ, చరణాల మధ్య నేను శుభ్రం చేసినచోట సాపుగా గీత. చచ్చిపోయిన మనిషికి ఆసుపత్రిలో కనబడే గీత అది. దాన్ని నేనే గీశాను.

కోసిగి

కిశోర్‌కు, సునీల్‌కు అప్పుడే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తప్పు ఆ పిల్లది కాదు, నాది. పాత రికార్డు నా దగ్గర లేదు. ఎల్లుండి లారీ పోతే అవ్వ ఉండదు, రూతు ఉండదు, మూడు నెలల వరకు రారు. ఈలోపు మిషన్ పెట్టి ఆల్బం తెస్తే అందులో రూతు ఇక ఎప్పటికీ ఉండదు.

తెల్లారి సునీల్ నన్ను బండి మీద ఎక్కించుకుని రూతు వాళ్ళ పల్లెకు తీసుకుపోయాడు. మార్తమ్మ ఇంటిముందు గోనెసంచిలో జొన్నలు పోసి మూతి కుడుతోంది. రూతు నన్ను చూసి లోపలికి పోయింది. నేను ముసలామె ముందు నేలమీద కూర్చున్నాను.

‘అమ్మా, నీ పాటలో ఊపిరి నేను తీసేసినా. తప్పయిపోయింది.’

ఆమెకు అర్థం కాలేదు. ‘ఊపిరి తీస్తే పాట ఎట్ల ఉంటాదప్పా?’ అంది, కుట్టుకుంటూనే.

ఎలా చెప్పాలో తెలియక, ఒక్కసారి పాడమన్నాను. రూతును పిలిచి అవ్వ పక్కన కూర్చోమని బతిమాలుకున్నాను. వచ్చి కూర్చుంది, ముఖం మాత్రం అటు తిప్పుకుంది. మార్తమ్మ సూది పక్కన పెట్టి అందుకుంది. రూతు చేయి దానంతట అదే గోనెసంచి మీద పడింది. అప్పుడు చూశాను. ఆ పిల్ల లెక్క పెట్టడం లేదు. ఓరగా అవ్వ మెడ కింద గుంటను చూస్తోంది, ఆ గుంట లోపలికి పోయినప్పుడు చప్పుడు వింటోంది. చిన్న ఊపిరి తీసుకుంటే చిన్న వాక్యం వస్తుంది, పెద్ద ఊపిరి తీసుకుంటే పెద్ద వాక్యం వస్తుంది. ఎంత సేపు ఆగాలో, ఎప్పుడు కొట్టాలో, ఎంత గట్టిగా కొట్టాలో అన్నీ ఆ గాలిలోనే ఉన్నాయి. రాబోయే మాట ఎలాంటిదో మాటకంటే ముందు ఊపిరి చెబుతోంది. ఆ పిల్ల దాన్ని విని, మాట పుట్టేలోపు చేయి లేపుతోంది. ఒక్కసారి కూడా తప్పలేదు.

 వేల పాటలు రికార్డు చేశాను. ఇది నా చెవుల ముందే ఎన్నిసార్లు జరిగి ఉంటుంది! నేను వినకముందే కోసేశాను.

పాట చివర మార్తమ్మ మళ్ళీ ఒక పెద్ద ఊపిరి తీసుకుంది. రూతు చేయి లేపింది. ఇద్దరూ అలాగే ఆగిపోయారు. ఎవరూ పాడలేదు, ఎవరూ కొట్టలేదు.

‘ఇంకో చరణం ఉందా అమ్మా?’ అన్నాను.

‘ఉంటాది గాని ఇప్పుడు ల్యాదప్పా. ఈ ఏడు పొయ్యే ఊరిది అది. ఇంగా పోల్యా గదా. పొయ్యొచ్చినాక పాడతా. అందుకే ఊపిరి తీసి పెడతా.’

వాళ్ళ చర్చిలో ఆ పాట అట్లాగే ముగుస్తుందట. ఆ ఊపిరి వినబడితే అయిపోయిందని అందరికీ తెలుసు. అనవసరమని నేను కోసి పారేసింది ఆ పాట ముగింపు. చేతులు జోడించి రూతుతో చెప్పాను, ‘నీకు తాళం రాకపోవడం కాదు తల్లీ, నాకు వినడం రాల్యాదు’ అని. ఆమె గోనెసంచి మూతి సర్దింది. తర్వాత, ‘అందరం ఒగే రూములో. నా ముందర అవ్వ. హెడ్‌ఫోన్స్ వద్దు’ అంది. సరేనన్నాను.

కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఈరన్నను పట్టుకున్నాం. అతను మొదట కసిరాడు. తర్వాత మార్తమ్మ ముఖం చూసి, ‘లారీ ఎమ్మిగనూరు మీదనే పోతాది. అర్ధగంట ఆపుతా. అంతకు మించి ఒగ నిమిషం ఆపను, అవ్వా’ అన్నాడు.

అర్ధగంట

మర్నాడు ఉదయం పదకొండు గంటలకు లారీ మా స్టూడియో ముందు ఆగింది. దాని నిండా మనుషులు, మూటలు, బిందెలు, ఒక మేక కూడా. నేను డ్రమ్స్‌ను గదిలోంచి బయటికి లాగి హాలు మధ్యలో పెట్టాను. దాని ఎదురుగా చాప వేసి మార్తమ్మను కూర్చోబెట్టాను. చుట్టూ మిగతా ముగ్గురు. మైకులు ఒకదాని చప్పుడు ఇంకోదానిలో పడేలా ఉన్నాయి. వెంకోబారావు చూస్తే నా వీపు విమానం మోత మోగించేవాడు. లారీ ఇంజను ఆపించి, ఈరన్న పైకెక్కి, ‘దగ్గొచ్చినా మింగండి’ అని అరిచాడు. అంతమంది నోళ్ళు మూసుకున్నారు. వెనక వీధి మగ్గాలు మాత్రం ఎవరి మాటా వినలేదు.

ఇరవై ఒక్క నిమిషాల పాట, ఉన్నది అర్ధగంట. రెండోసారికి వీల్లేదు. రూతు కర్రలు పట్టుకుని నా వైపు ఒక్కసారి చూసి, అవ్వ వైపు తిరిగింది. మార్తమ్మ ఊపిరి తీసుకుంది.

తర్వాత ఏం జరిగిందో పూర్తిగా చెప్పడం నా వల్ల కాదు. ఊపిరికి దెబ్బ, దెబ్బకు గిటారు, గిటారుకు కీబోర్డు. చరణం చరణానికి పాట ఊళ్ళు దాటుతోంది, తాళం మారుతోంది. మార్తమ్మ గొంతు అలసిపోతే రూతు తగ్గుతోంది. రూతు తగ్గితే ముగ్గురూ తగ్గుతున్నారు. ఎవరూ ఎవరికీ సైగ చేయడం లేదు. అయిదుగురు మనుషులు ఒక్క ఊపిరితిత్తులతో బతుకుతున్నట్టుంది. నేను మిషన్ ముందు నిలబడి ఏడుస్తున్నాను, తుడుచుకుంటే మైకులో చప్పుడు పడుతుందని తుడుచుకోలేదు.

పద్నాలుగో నిమిషంలో మార్తమ్మకు దగ్గు వచ్చింది. నలభై ఏళ్ళ అలవాటు, నా చేయి ఆపే బటన్ మీదికి పోయింది. పోయిన చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాను. మార్తమ్మ దగ్గింది. రూతు ఆ దగ్గుకు కూడా కాలితో వాయించే కింది డ్రమ్ మీద మెల్లగా ఒక దెబ్బ వేసింది. పాట ముందుకు పోయింది.

చివరి చరణమైంది. గిటారు ఆగింది, కీబోర్డు ఆగింది. మార్తమ్మ పెద్దగా ఊపిరి తీసుకుంది. రూతు కర్ర పైకి లేపింది. ఇద్దరూ ఆగిపోయారు. ఎంతసేపో తెలియదు. బయట లారీ హారన్ మోగింది, అప్పటికి అందరం కదిలాం. ‘పోతామప్పా’ అని మార్తమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది.

తర్వాత

ఆ ఆల్బంలో నేను కోసింది ఏమీ లేదు. హారన్ మోగకముందు వరకు ఉంచాను, అంతే. తయారయ్యాక ఫోన్లలో విడుదల చేశారు. ఎక్కడెక్కడివాళ్ళో విన్నారు. ముసలామె ఊపిరి అంత పెద్దగా వినబడుతోంది, రికార్డిస్టుకు పని రాదేమోనని ఒకాయన పాట కింద కామెంటు రాశాడు. అది సునీల్ చదివి వినిపిస్తే కడుపుబ్బ నవ్వాను. రూతుకు కూడా పాట పంపించాను. ‘వచ్చినాది అన్నా’ అని రెండు మాటలు రాసింది. బాగుందనీ లేదు, బాగలేదనీ లేదు. అవ్వ విన్నదో లేదో తెలియలేదు. నెలలు గడిచాయి. నేను స్టూడియో మూసి మిషన్లు అమ్మేశాను.

ఆలూరుకు రెండుసార్లు పోయి వచ్చాను. తత్వాలు పాడే ఫలానా ముసలాయన కొడుకని అడిగితే ఒకరు అటు పొమ్మన్నారు, ఒకరు ఇటు పొమ్మన్నారు. దొరకలేదు. దొరికినా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, తప్పు నాదేనని చెప్పడం తప్ప.

ఉగాది దాటింది. కైరుప్పల పండగ కూడా అయిపోయింది. ఒక రోజు సాయంత్రం నాలుగింటికి మా ఇంటిముందు లారీ ఆగింది. అందరూ ఎండకు నల్లబడి, చిక్కిపోయి ఉన్నారు. రూతు ముందు దిగి అవ్వను దింపింది. మార్తమ్మ వచ్చి మా అరుగు మీద కూర్చుని, ‘పెట్టప్పా ఆ పాట’ అంది.

ఇంట్లో ఉన్న పాత స్పీకరు తెచ్చి గుమ్మంలో పెట్టాను. ఈసారి ఈరన్న గడియారం చూడలేదు. లారీ మీదవాళ్ళంతా దిగి వీధిలో కూర్చున్నారు. ఇరవై ఒక్క నిమిషాలు ఎవరూ కదల్లేదు. దగ్గు వచ్చినచోట ఎవరో ఆడమనిషి ‘మన అవ్వే’ అని నవ్వింది. చివరికి స్పీకరులో ఊపిరి వినబడింది.

ఆ ఊపిరి మీదనే మార్తమ్మ అందుకుంది. మధ్యలో సందు లేదు. మూడు నెలల కింద తీసుకున్న గాలితోనే పాడినట్టుంది.

*ఖమ్మం మిరపచేలల్లో నా ఊపిరి నేనే ఇన్నాను దేవా, నీకు ఇనబడిందా?*

రూతు మూటల్లోంచి బిందె లాగి బోర్లించి వాయించింది. వీధిలో వాళ్ళంతా వెనక కలిశారు. చరణం అయిపోయింది. మార్తమ్మ మళ్ళీ ఊపిరి తీసుకుంది, వచ్చే ఏడు పోబోయే ఊరి కోసం. రూతు చేయి పైకి లేపింది. ఇద్దరూ ఆగారు. మేమందరం ఆగాం.